మతం అనే గడిలో ఏం రాయాలి

మద్రాసులో రోడ్డు పక్కన కూర్చుని చెప్పులు కుట్టే ఒకాయన 1980లలో సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. పుట్టింది ఆది ద్రావిడ కులంలో, తర్వాత క్రైస్తవం తీసుకున్నాడు. తనలాగా రోడ్డు మీద పని చేసుకునే ఎస్సీలకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇస్తోందని తెలిసి తనకూ ఒకటి ఇమ్మన్నాడు. హిందువులుగా ఉన్న ఆది ద్రావిడులకు ఇచ్చారు, ఈయనకు ఇవ్వలేదు. 1985లో సుప్రీంకోర్టు ఆయన పిటిషన్‌ని కొట్టేసింది. మతం మారాక కూడా కులం బాధలు అంతే తీవ్రంగా ఉన్నాయని చూపించాలనీ, అలాంటి ఆధారం తన ముందుకు రాలేదనీ చెప్పింది.

ఆయన బంకు పోయింది ఊరేగింపులో నడిచినందుకో, ఏదో పార్టీ జెండా మోసినందుకో కాదు. ఎవరికి మొక్కుతాడన్న ఒక్కదాని మీద పోయింది.

"నమ్మకం వ్యక్తిగతం, దాన్ని రాజకీయం చేయకండి" అని మనకు చాలామంది చెప్తుంటారు. మంచి మనసుతోనే చెప్తారు, మతం పేరుతో జరుగుతున్న గొడవలు చూసి విసిగి చెప్తారు. ఆ విసుగు నాకూ ఉంది. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ బంకు గుర్తొస్తుంది. అక్కడ నమ్మకాన్ని రాజకీయంలోకి లాగింది ఎవరు? నమ్మినాయనా, బంకు దరఖాస్తులో మతం అడిగినవాళ్లా?

ఏమీ చేయకుండా, ఏమీ మాట్లాడకుండా, ఊరికే ఒక నమ్మకం పెట్టుకోవడం కూడా రాజకీయం కావచ్చని నేను గట్టిగా నమ్ముతాను. అన్ని నమ్మకాలూ అలా కావు. మా నాయనమ్మ జ్వరంతో పడుకున్న మనవళ్ల తల మీద చెయ్యి పెట్టి యేసయ్యా అని ప్రార్థన చేసేది. దాన్ని కూడా రాజకీయం అంటే ఆ మాటకే అర్థం లేకుండా పోతుంది. కానీ ఆ నాయనమ్మ నమ్మకాన్ని ఒక ఆఫీసులో కాగితం మీద రాయించుకుని, ఆమె మనవడికి ఏ సీటు ఇవ్వాలి, అతన్ని ఎవరైనా కులం పేరు పెట్టి కొడితే ఏ సెక్షన్ కింద కేసు పెట్టాలి అని దాన్ని బట్టి తేల్చడం మొదలయ్యాక, అది ఆమె ఒక్కదాని విషయంగా మిగల్లేదు. ఆమె ప్రార్థన మాత్రం ఒక్క ముక్క మారలేదు.

దీనికంతా మూలం 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు. ఏయే కులాలు షెడ్యూల్డ్ కులాలో చెప్పే జాబితా అది. అందులో మూడో పేరా, హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవాళ్లు ఎస్సీలు కారని చెప్తుంది. 1956లో సవరించి సిక్కులను చేర్చారు, 1990లో మళ్లీ సవరించి బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే.

ఈ మధ్యలో ఏం జరిగిందో చూడండి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేద్కర్ వెంట లక్షలమంది బౌద్ధం తీసుకున్నారు. రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడిగా ఉన్న మనిషి చూపించిన దారిలో నడిచినవాళ్లు, ఆ రాజ్యాంగం కింద వచ్చిన జాబితా ప్రకారమే 34 ఏళ్ల పాటు ఎస్సీలు కాకుండా పోయారు. ఆ 34 ఏళ్లలో బుద్ధుడి బోధ ఏమీ మారలేదు. వాళ్ల ఇళ్లు ఊరికి ఏ వైపున ఉన్నాయో అదీ మారలేదు. ఢిల్లీలో ప్రభుత్వం మారింది, సవరణ వచ్చింది. ఏ నమ్మకం చెల్లుతుంది, ఏది చెల్లదు అని పార్లమెంటు ఓటు వేసి తేల్చాక కూడా నమ్మకానికీ రాజకీయానికీ సంబంధం లేదని ఎలా అనగలం?

ఇంకా విచిత్రం ఏమిటంటే, ఈ ప్రశ్న అందరినీ అడగరు. ఎస్టీల ఉత్తర్వులో ఇలాంటి మతం షరతు లేదు. మన్యంలో ఒక కోయ కుటుంబం చర్చికి వెళ్తున్నా ఎస్టీగానే ఉంటుంది, ఉండాలి కూడా. దూదేకులవాళ్లు ముస్లింలుగానే బీసీ జాబితాలో ఉన్నారు. 2019లో వచ్చిన ఈడబ్ల్యూఎస్ కోటా ఆదాయం అడుగుతుంది, ఆదివారం ఎక్కడికి వెళ్తావని అడగదు. గుంటూరు వైపూ రాయలసీమలోనూ 18వ శతాబ్దం నుంచి క్యాథలిక్కులుగా ఉన్న రెడ్లు ఉన్నారు. వాళ్లు రెడ్లే. పెళ్లి సంబంధాల్లో రెడ్లే, ఊళ్లో గౌరవంలోనూ రెడ్లే. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారిది క్రైస్తవ కుటుంబమని రాష్ట్రమంతా తెలుసు, అంతమాత్రాన ఆయన రెడ్డి కాకుండా పోయాడని ఎవరూ అనలేదు. మతం మారితే కులం పోతుందన్న సూత్రం ఒక్క మాలమాదిగల దగ్గరికి వచ్చేసరికే గుర్తొస్తుంది.

ఇది మా ఇంటి విషయం కూడా. మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా నాన్నా, బాబాయీ ఒకే బాప్టిస్టు చర్చిలో బాప్తిస్మం తీసుకున్నారు. నాన్నను బడిలో వేసేటప్పుడు మా తాత మతం దగ్గర క్రైస్తవుడని చెప్పాడు, అదే రాశారు. బాబాయి వంతు వచ్చేసరికి తెలిసినవాళ్లెవరో సలహా ఇచ్చి ఉంటారు, హిందూ అని రాయించాడు. ఆ ఒక్క గడి వల్ల తర్వాత నాన్న బీసీ-సి అయ్యాడు, బాబాయి ఎస్సీ అయ్యాడు. బీసీ-సి అంటే క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకూ వాళ్ల సంతానానికీ పెట్టిన గ్రూపు. దానికి ఒక శాతం రిజర్వేషన్, ఎస్సీలకు 15 శాతం. రాష్ట్ర ప్రభుత్వం 1977లో కొన్ని రాయితీలను క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకూ వర్తింపజేసింది. అది నిజం, దానివల్ల మా పల్లెలో చాలామంది చదువుకున్నారు. కానీ చట్టం ప్రకారం వచ్చే హక్కులు ఆ రాయితీల్లో లేవు. మా ఊరి సర్పంచ్ పదవి ఎస్సీలకు రిజర్వ్ అయితే బాబాయి నామినేషన్ వేయొచ్చు, నాన్న వేయకూడదు. ఒకే తల్లి పిల్లలు, ఒకే పల్లె, టీ కొట్టులో విడి గ్లాసు పెట్టే రోజుల్లో ఇద్దరికీ విడి గ్లాసే. ఊరు ఇద్దరినీ ఒకే పేరుతో పిలిచింది, కాగితం మాత్రం ఇద్దరినీ విడదీసింది.

మా బాబాయి కూతురి పెళ్లప్పుడు శుభలేఖ మీద సిలువ గుర్తు వేయించాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. పిన్ని వేయించాల్సిందే అంది. బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రేపు ఎవరన్నా ఇది పట్టుకెళ్లి కలెక్టరాఫీసులో ఇస్తే పిల్లల ఉద్యోగాలు ఏమవుతాయే?" అన్నాడు. మొత్తానికి సిలువ లేకుండానే అచ్చు వేయించారు. పెళ్లి మాత్రం పాస్టరు అయ్యగారే చేశారు, చర్చిలోనే. ఆ టెన్షన్ నేను కళ్లారా చూశాను. కూతురి పెళ్లి శుభలేఖ మీద తాను నమ్మిన దేవుడి గుర్తు వేసుకోవడానికి భయపడే మనిషికి "నమ్మకం వ్యక్తిగతం" అని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

మా బాబాయిలాంటివాళ్లను మోసగాళ్లు అంటారు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒకామె కేసులో, క్రైస్తవాన్ని పాటిస్తూ రిజర్వేషన్ కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని చెప్పింది. ఇప్పుడున్న ఉత్తర్వును ఉన్నది ఉన్నట్టు చదివితే కోర్టు ఇంకోలా చెప్పడం కష్టమేనని ఒప్పుకుంటాను. నా గొడవ ఆ ఉత్తర్వుతో. అది మనిషి మనసులో ఏముందో చూడలేదు, చూడాలనీ అనుకోదు. మతాన్ని అవలంబించడమంటే దాన్ని నలుగురికీ తెలిసేలా ప్రకటించుకోవడమేనని సుప్రీంకోర్టు 1960లలోనే చెప్పింది. అంటే నమ్మి ఊరుకుంటే ఎస్సీ, నమ్మినట్టు చెప్తే కాదు. నోరు తెరవడానికి ఒక ధర కట్టి, ఆ ధర కట్టలేక నోరు మూసుకున్నవాణ్ణి మోసగాడంటే అన్యాయం. మా నాన్న నిజం చెప్పి నష్టపోయాడు, బాబాయి నిజం దాచి నిలబడ్డాడు. ఇద్దరిలో ఒకరు మంచివాడు, ఇంకొకరు చెడ్డవాడు అని నేను అనలేను. ఇద్దరినీ ఆ స్థితిలో పెట్టినదాన్ని మాత్రం చెడ్డదే అంటాను.

గుంటూరు మెడికల్ కాలేజీ కేసు ఒకటుంది, 1976 నాటిది. ఒక విద్యార్థి తల్లిదండ్రులు మాదిగలు, అతను పుట్టకముందే క్రైస్తవులయ్యారు. అతను పుట్టుకతో క్రైస్తవుడు. తర్వాత హిందూ మతంలోకి మారి ఎస్సీ సీటు అడిగాడు. కులంవాళ్లు అతన్ని మళ్లీ తమలో కలుపుకుంటే అతను ఆ కులంవాడే అవుతాడని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ విద్యార్థికి న్యాయం జరిగింది, సంతోషమే. కానీ దాని అర్థం ఏమిటి? అతని కులం చర్చిలో ఉన్నంతకాలం కనబడకుండా ఉండి, తిరిగి హిందువుగా చేసే శుద్ధి తంతు జరగగానే తిరిగి వచ్చింది. మా పల్లెలో ఎవరి కులమూ అలా వెళ్లిరావడం నేను చూడలేదు.

మా జిల్లాలో ఈ కథ 1950తో మొదలుకాలేదు. నమ్మకం అంటే ఏమిటో, ఊరికి దానివల్ల ఎందుకు కోపం వస్తుందో నాకు ఒంగోలు చరిత్ర చదివాకే అర్థమైంది.

1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్టిస్టు అయ్యాడు. తోళ్ల వ్యాపారం చేసేవాడు, అంతకుముందే గురువుల దగ్గర యోగం నేర్చుకున్న మనిషి, దేవుణ్ని వెతుక్కుంటూ తిరిగినవాడు. ఆయన వెంట పల్లెలు కదిలాయి. అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ ఆ కొత్త విశ్వాసులను అడిగినవి మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువుల మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఈ మూడింటిలో ఎక్కడా భూమి అడగమని లేదు, కూలి పెంచమనమని లేదు, ఎదురు తిరగమని అసలే లేదు. వినడానికి పూర్తిగా మతం విషయాలే.

కానీ ఊరికి అవి ఎలా వినబడి ఉంటాయో ఆలోచించండి. ఆదివారం పని చేయకపోవడమంటే కోతల రోజుల్లో కూడా ఒకరోజు ఆసామి పిలిస్తే రానని చెప్పడం. విగ్రహాలకు మొక్కకపోవడమంటే జాతరలో డప్పు కొట్టనని చెప్పడం. చచ్చిన గొడ్డు మాంసం తినకపోవడమంటే నువ్వు పారేసింది నాకు అక్కర్లేదని చెప్పడం. తరతరాలుగా అడగకుండానే అందుతున్న చాకిరీ ఒక్క ఆదివారంతో ఆగిపోయింది. అందుకే బావుల దగ్గరికి రానివ్వలేదు, దొంగ కేసులు పెట్టించారు, కొట్టారు. ఆ పల్లెలవాళ్లు ఒక్క అర్జీ కూడా రాసి ఉండకపోవచ్చు, చాలామందికి రాయడమే రాదు. వాళ్లు నమ్మారు. ఆ నమ్మకంలోనే ఊరి మీద తిరుగుబాటు ఉంది, దాన్ని వాళ్లకంటే ముందు కరణాలు కనిపెట్టారు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. కరువు నడుస్తున్నంతకాలం కొత్తగా బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపేశాడు, తిండి కోసం మారారన్న మాట రాకూడదని. సాయం పంచడం ఆగిపోయాక మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండి గింజల కోసం మతం మారిన జాతి అని ఇప్పటికీ మమ్మల్ని అనేవాళ్లు ఈ వరస ఒకసారి చూడాలి. గింజలు అయిపోయాక వచ్చినవాళ్లు వాళ్లు. మర్యాద కోసం వచ్చారంటే ఒప్పుకుంటాను. మనిషిగా చూసే దేవుణ్ని ఎంచుకోవడం తప్పెలా అవుతుంది?

ఇది క్రైస్తవానికే పరిమితమైన సంగతి కాదు. దేవుడు లేడన్నందుకు గోరా గారు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్ ఆయన. ఆయన నాస్తికత్వం ఆలోచనగానే ఆగిపోలేదు. అంటరానితనం పాటించనంది, అందరితో కలిసి ఒకే పంక్తిలో కూర్చుని తింది. ఎవరితో కూర్చుని తినాలో మార్చే నమ్మకం ఏదైనా మన ఊళ్లలో రాజకీయమే అవుతుంది. దీనికి అటువైపు కూడా ఒకటుంది. ప్రభుత్వ ఆఫీసులో దసరాకి ఆయుధ పూజ చేసి కొబ్బరికాయ కొడితే అది ఆనవాయితీ. అదే ఆఫీసులో ఒక అటెండర్ డిసెంబర్లో టేబుల్ మీద చిన్న నక్షత్రం పెడితే మతం ఆఫీసులోకి తెచ్చాడంటారు. పూజ చేసేవాళ్ల మీద నాకు కోపం లేదు, ఆ ప్రసాదం నేనూ తీసుకుంటాను. ఎవరూ అడగని నమ్మకానికి రాజకీయం లేనట్టు కనిపిస్తుందని మాత్రం చెప్తున్నాను. దాన్ని ఎవరూ అడగకపోవడమే దాని బలం.

ఎదుటివాళ్ల వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. అంటరానితనం హిందూ సమాజంలో పుట్టింది, దానికి పరిహారం ఆ సమాజంలో ఉన్నవాళ్లకే ఇవ్వాలి, కులం లేదని చెప్పే మతంలోకి వెళ్లాక కులం పేరుతో కోటా ఎందుకు అంటారు. చర్చి బయటికి చెప్పేది నిజమైతే ఈ ప్రశ్నకు జవాబు లేదు. కానీ కోస్తాలో ఎవరినైనా అడగండి. బాప్టిస్టు చర్చి అంటే ఎక్కువగా మాదిగలది, లూథరన్ చర్చి అంటే ఎక్కువగా మాలలది అని చిన్నపిల్లలు కూడా చెప్తారు. దళితుల్లోంచి మొదటి క్యాథలిక్ కార్డినల్, మన తెలుగువారే అయిన పూల ఆంథోని గారు, 2022లో గానీ రాలేదు. ఇది మా సిగ్గు. చర్చి పెద్దలు వేదిక మీద యేసులో కులం లేదని బోధించి, కమిటీ ఎన్నికల్లో కులం లెక్క వేసుకోవడం మానాలి. కానీ ఆ సిగ్గే మా వాదనకు సాక్ష్యం కూడా. కులం మాతోపాటు చర్చిలోకి వచ్చి కూర్చుంది.

రెండో అభ్యంతరం నాకు ఇంకా దగ్గరిది. క్రైస్తవులను కూడా చేర్చితే ఉన్న 15 శాతంలో హిందూ ఎస్సీల వాటా తగ్గుతుంది, మిషన్ బడుల్లో చదువుకున్నవాళ్లు ముందుకు తోసుకొస్తారు అని. వాటా అంటే ఏమిటో మాదిగలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఎస్సీ కోటాను లోపలి కులాలవారీగా పంచాలన్న వర్గీకరణ ఉద్యమం 1994లో మొదలైంది మా జిల్లాలోని ఈదుముడిలోనే, సుప్రీంకోర్టు ఔనన్నది 2024 ఆగస్టులో. అందుకే ఈ భయాన్ని నేను గౌరవిస్తాను. మనుషులు పెరిగితే వాటా కూడా పెరగాలి, వెనకబడినవాళ్లకు లోపల విడిగా భాగం ఉండాలి. ఇవి కూర్చుని లెక్క వేసుకోగలిగిన విషయాలు. లెక్క కష్టమని మనుషుల్ని లేరనడం కుదరదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఎస్సీ హోదాకు మతంతో ముడి తీసేయమంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారితో ఇంకో కమిషన్ వేసింది.

ఇక ఆధారాల మాట. మద్రాసు చెప్పులు కుట్టే ఆయనకు వివక్షకు ఆధారం లేదని సుప్రీంకోర్టు చెప్పింది 1985 సెప్టెంబర్‌లో. అంతకు రెండు నెలల ముందు, జూలై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. చనిపోయినవాళ్లలో మోషే అనే పేరున్నవాళ్లు ఉన్నారు. బతికినవాళ్లు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చంపడానికి వచ్చినవాళ్లు ఎవరినీ నీ మతం ఏమిటని అడగలేదు. అలాంటి దాడుల తర్వాతే 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అదే చట్టం కింద కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెట్టిన ఒక పాస్టర్ గారికి 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాళ్లకు ఆ చట్టం వర్తించదని చెప్పింది. దెబ్బ కులాన్ని చూసి పడుతుంది, రక్షణ మతాన్ని చూసి ఆగిపోతుంది. ఇది ఎన్నాళ్లు?

2027 జనాభా లెక్కల్లో అందరి కులమూ అడుగుతామని కేంద్రం ప్రకటించింది. గతంలో లెక్కలు రాసేవాళ్లకు ఇచ్చిన సూచనల్లో, హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు తప్ప వేరే మతం చెప్పినవాళ్లను ఎస్సీగా రాయకూడదని ఉండేది. ఈసారి మా ఇంటికి వచ్చే టీచరమ్మకు నేను రెండూ చెప్తాను, క్రైస్తవుణ్ణి అనీ, మాదిగని అనీ. ఏ గడిలో పడుతుందో, ఏ కోడ్ వేస్తారో ఆమె చూసుకోవాలి. బాబాయి ఏం చెప్తాడో నేను అడగలేదు, అడగను కూడా. ఆయన పిల్లలు ఉద్యోగాల్లో ఉన్నారు.